పుట్టిన వారం

చీమకుర్తిలో కర్నూలు రోడ్డు మీద మా షాపు.
ఇనప గ్రిల్లుకి చెయ్యి పట్టేంత కిటికీ.
నాకు మనుషులు కనపడరు, చేతులే.
నోట్లు నలిపి పట్టుకున్న చేతులు,
చిల్లర మూడుసార్లు లెక్కపెట్టే చేతులు,
రెండు వేళ్ళు చూపించి ఊరుకునే చేతులు.

పైన బోర్డుంది:
ఇరవై ఒక్క ఏళ్ళ లోపు వారికి మద్యం అమ్మబడదు.
వానకి 'లోపు' ఊడిపోయి
ఇరవై ఒక్క ఏళ్ళ వారికి అమ్మబడదు అని మిగిలింది.
ఓనరు చూసి నవ్వాడు.
ఆ ఒక్క ఏడూ ఓపిక పట్టమను, అన్నాడు.

మూడేళ్ళుగా నేనెవర్నీ కార్డు అడగలా.
ఈ ఊళ్ళో వయసు ఎట్టా తెలుసుద్ది?
సాయంత్రం ఆరయితే క్వారీ నుంచి దిగొచ్చే వాళ్ళందరికీ
ఒకటే నెరిసిన జుట్టు, ఒకటే తెల్లటి కనుబొమ్మలు.
కుర్రోడూ తాతే, తాతా తాతే.

మొన్న ఒక చెయ్యి వచ్చింది.
"అన్నా, క్వార్టరు."
గొంతు మధ్యలో విరిగింది,
పగిలే ముందు రాయి ఒక రకంగా మోగుద్ది చూడండి, అట్టా.
వంగి చూశా.
ముసలి తల.
చెమట కారిన చోట మాత్రం నున్నటి చార,
అందులోంచి కనపడే పిల్లాడి బుగ్గ.

"కార్డు చూపించు."
వెనక లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు.
నా మాట నాకే కొత్తగా వినపడింది.

తీశాడు, మడత పెట్టిన పాలకవర్లోంచి.
పేరు మాల్యాద్రి.
పుట్టిన తేదీ ఒకటి, ఒకటి, రెండువేల నాలుగు.
ఫోటోలో చిన్నవాడు, అచ్చులో పెద్దవాడు, ఎదురుగా ముసలివాడు.
ముగ్గుర్లో ఎవరికివ్వాలి సీసా?

"జనవరి ఒకటా?"
"అందరికీ అదేగా అన్నా. మా బ్యాచంతా ఒకే రోజు పుట్టాం."
మేస్త్రీ రాయించాడంట, పనిలో పెట్టుకునేటప్పుడు.
"అక్కడా కార్డు అడిగార్లే. చూసే తీసుకున్నారు."

"నిజంగా ఎప్పుడు పుట్టావురా?"
"శనివారం."
మాలకొండ సామి గుడి తలుపులు శనివారమే తీస్తారు గదా,
కొండకి పోయే ట్రాక్టరు ఇంటి ముందు హారను కొడతా ఉంటే
పుట్టాడంట. పేరు కూడా అందుకే.
"వారం మా అమ్మకి బాగా గుర్తన్నా. సంవత్సరమే రాదు."
"నక్షత్రం?"
"రాయిలో మెరిసేటియ్యి తెలుసు" అని నవ్వాడు.
పళ్ళు మాత్రం ఎవరూ మార్చలేదు.

ఫోన్లో క్యాలెండరు వెనక్కి తోశా,
తోసీ తోసీ వేలు నొప్పెట్టింది.
రెండువేల నాలుగు, జనవరి ఒకటి.
గురువారం.

నేనేం పోలీసుని కాదు.
మా అమ్మ, కలిగిరి పక్క పల్లెలో
సారా కుండలు పగలగొట్టిన ఆడోళ్ళలో ఒకతె.
ఆ చేత్తోనే ఈ ఉద్యోగానికి నాకు క్యారేజీ కడుద్ది.
ఏమీ అనదు.
పప్పులో ఉప్పు కాస్త ఎక్కువేసుద్ది.

"లేదు, పో" అన్నా.
"కార్డు కరెక్టే గదన్నా?"
"కార్డు కరెక్టే. వారం తప్పు."
వాడికి అర్థం కాలా. లైన్లో వాళ్ళకీ కాలా.
ఒకాయన, మాకు కూడా జాతకం చూడు సామీ, అన్నాడు.

పది నిమిషాలకి మేస్త్రీ చెయ్యి వచ్చింది,
పగడపుటుంగరం ఉన్న చెయ్యి.
రోజూ రెండు వేళ్ళు చూపిచ్చేది
ఆ రోజు మూడు చూపిచ్చింది.
ఇచ్చాను.
ఆ చేతిని ఏమని అడగను?

షట్టరు దించేటప్పుడు చూశా:
వాడు కార్డు పెట్టిన చోట బల్ల మీద
తెల్లటి దుమ్ముతో బొటనవేలి ముద్ర.
నిండుగా పడింది.
ఒక్క గీతా లేదు.

తుడవబోయి,
రేపు చూద్దాంలే అని
లైటు తీసేశా.